ఏడో షీటు

విడవలూరు బస్టాండు ఎదురుగా మేడమీద ఉన్న ఆ ఆఫీసులో భయపడాల్సిందేమీ కనబడదు. మూడు బల్లలు, రెండు కంప్యూటర్లు, కింది ఎరువుల కొట్లోంచి మెట్లెక్కి వచ్చే ఘాటు వాసన, అంతే. సముద్రం మీదికి పోయిన బోట్లు తిరిగొచ్చాయో లేదో చూసుకోవడం అక్కడి పని. ఆ పని చేసేది దుర్గ.

తీరం వెంబడి ఆరు పాలేలు. పాలేనికొక మనిషి ఒడ్డున నిలబడి, ఎవరు ఏ వేళకి వేటకి పోయారో, ఏ వేళకి ఒడ్డెక్కారో సెల్‌ఫోన్లోంచే ఒక ఎక్సెల్ ఫైల్లో నింపుతారు. ఫైలు ఒకటే, షీట్లు ఆరు. దుర్గ దాన్ని ఆర్ అనే కంప్యూటర్ భాషలోకి తెచ్చుకుని, తిరిగొచ్చిన వేళ దగ్గర ఖాళీ ఉన్న పేర్లన్నీ ఏరుతుంది. ఖాళీ గడి ఉన్నచోట ఆ భాష ‘ఎన్‌ఏ’ అని చూపిస్తుంది. ఎన్‌ఏ ఉందంటే ఆ మనిషి ఇంకా నీళ్ళమీదే ఉన్నట్టు. వాళ్ళకోసం గాలింపు బోటు బయల్దేరుతుంది.

ఆ భాషకి ఒక పాడు గుణం ఉంది. ఏ షీటు కావాలో చెప్పకుండా ఫైలు చదవమంటే, మొదటి షీటొక్కటే చదివి ఊరుకుంటుంది. మిగతావి ఉన్నాయని గానీ, వాటిని ముట్టుకోలేదని గానీ ఒక్క ముక్క చెప్పదు. కిందటేడు కార్తీకంలో, సరిగ్గా ఇలాంటి ముసురు రోజున, దుర్గ హడావిడిలో అలాగే చదివించింది. మొదటి షీట్లో అందరూ ఒడ్డెక్కేశారు. అందరూ క్షేమమని పై అధికారికి చెప్పేసి, టీ తాగడానికి కిందికి దిగింది. ఆరో షీట్లో నాలుగు ఎన్‌ఏలు అలాగే ఉండిపోయాయి. ఆ నలుగురి కోసం ఏ బోటూ కదల్లేదు.

తెల్లారేసరికి తప్పెక్కడ జరిగిందో ఆమెకి తెలిసింది. ఒప్పుకుందా అంటే, లేదు. ఆరో పాలెం ఒడ్డు మనిషి చెంగయ్య షీటు ఆలస్యంగా నింపాడని చెప్పి చేతులు దులుపుకుంది.

చెంగయ్యకి ఒక పద్ధతి ఉండేది. బోటు ఇసుకెక్కాక, దిగిన ప్రతి మనిషి తలమీదా చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచి, పలికాకే ఫోన్లో వేళ వేసేవాడు. అలాంటివాడు ఆలస్యం చేస్తాడా అని ఒక్కరూ అడగలేదు. పోయిన నలుగురిలో అతని కొడుకూ ఉన్నాడు. "నాలుగ్గంటలకే పేర్లు ఏసినాను గదా దుర్గమ్మా, ఖాళీలు చూళ్ళేదా?" అంటూ మూడు రోజులు ఈ మేడ మెట్లమీదే కూర్చుని ఏడ్చాడు ముసలాయన. దుర్గ అతన్ని దాటుకుని పైకెక్కేది. పాలెంలో అతని మొహాన ఉమ్మేశారు. నాలుగో రోజు చెప్పులు ఒడ్డున విడిచి సముద్రంలోకి నడిచిపోయాడు. దుర్గ కుర్చీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడామె జాగ్రత్తపరురాలు. ముందు ఫైల్లోని షీట్ల పేర్లన్నీ అడుగుతుంది. ఆ తర్వాత వరసపెట్టి ఒక్కోటీ చదివించి, అన్నీ కలిపి చూస్తుంది.

ఆ రోజు సాయంత్రం అయిదు కావడానికి అయిదు నిమిషాలుంది. గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది. గాలివాన హెచ్చరిక వచ్చేసరికే వేటకి పోయిన బోట్లలో తమ్ముడు చిన్నబాబుది ఒకటి. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఆరో పాలెం నుంచి ఆ బోట్లో మొత్తం నలుగురు వేటకి పోయారు. దుర్గ షీట్ల పేర్లు అడిగింది.

ఏడు వచ్చాయి.

ఏడో దాని పేరు చెంగయ్య.

ఎవరో పాత షీటు అతికించి ఉంటారులే అనుకుంది. ఫైలుని ఎక్సెల్లోనే తెరిచి చూసింది. అడుగున ఆరే ఉన్నాయి. దాచిపెట్టిన షీట్లుంటే బయటపెట్టమంది. దాచినవేమీ లేవు. మళ్ళీ ఆర్‌లో అడిగింది. ఏడు.

ఏడో షీటు చదివించింది. అయిదు పేర్లున్నాయి. కిందటేడు పోయిన నలుగురూ, అయిదోవాడు చెంగయ్య. బయల్దేరిన తేదీలు కిందటేడువి. తిరిగొచ్చిన వేళ దగ్గర ఎన్‌ఏ లేదు. అయిదుగురికీ ఒకటే వేళ... ఈ రోజు సాయంత్రం, అయిదూ నలభై.

గదిలో ఎరువుల వాసన పోయింది. తడిసిన వలల వాసన కొడుతోంది.

దుర్గ గబగబా ఆరో షీటుకి వెళ్ళింది. చిన్నబాబు పేరు ఎదురుగా నాలుగూ పది అని ఉంది. వచ్చేశాడు! నలుగురూ వచ్చేశారు! కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. తమ్ముడి గొంతు ఒక్కసారి విందామని ఆరో పాలెం ఒడ్డున ఉన్న ఎలిశబెతుకి ఫోన్ చేసింది. చెంగయ్య చోట్లో కొత్తగా చేరిన పిల్ల, చిత్తూరు వైపు నుంచి కోడలై వచ్చింది.

"ఒడ్డెక్కినారంట గదే మావోళ్ళు?"

"యాడక్కా! బోటు జాడే లేదు."

"నాలుగూ పదికి వచ్చినట్టు వేసుండావే?"

"నేనా? నేనింకా ఫోనే ముట్టుకోలా దుర్గక్కా."

దుర్గ పై అధికారి కిషోర్ బాబు బల్ల దగ్గరికి పరిగెత్తింది. ఆయన గొడుగు వెతుక్కుంటున్నాడు.

"సార్, గాలింపు బోటు పంపాల. మా తమ్ముడోళ్ళు రాలేదు."

ఆయన వచ్చి తెర చూశాడు. ఏడో షీటు ఆయనకి కనబడినట్టు లేదు. ఆరో దాంట్లో పేరు చూశాడు. "వచ్చినట్టుంది గదమ్మా."

"షీటు తప్పు సార్."

"కిందటేడు చెంగయ్య ఏడ్చినప్పుడు నువ్వే గదా చెప్పింది, షీట్లో ఏముంటే అదే నిజమని? ఆ మాట పట్టుకునే గదా అతన్ని తీసేసింది? ఇప్పుడు నీ తమ్ముడి దగ్గరికొచ్చేసరికి షీటు తప్పా?"

ఒక్క మాట చాలు. ‘ఆ రోజు తప్పు నాది సార్, మొదటి షీటొక్కటే చదివాను’ అంటే చాలు, ఆయన ఫోన్ తీస్తాడు. అది దుర్గకి తెలుసు. ఆ మాట నాలిక దాకా వచ్చింది. నలుగురి ప్రాణాలు, ముసలాయన ప్రాణం, ఈ ఉద్యోగం, ఊళ్ళో తన మొహం... అన్నీ దానికి వేలాడుతున్నాయి.

ఇంకొక్కసారి ఎలిశబెతుని అడుగుదాం, అనుకుంది. ఈలోపు వచ్చేస్తారేమో. ఫోన్ కలవలేదు. మళ్ళీ చేసింది. కలవలేదు. ముందు చినుకులు, తర్వాత జడివాన. ఒప్పుకోలేక, ఊరుకోలేక, ఆ ఫోన్ నొక్కుకుంటూనే అరగంట పైనే పారేసుకుంది మహాతల్లి. బయట సముద్రం దిక్కంతా నల్లబడిపోయింది.

వాన తగ్గుతుందేమోనని ఆగి ఆగి, కిషోర్ బాబు గొడుగు విప్పుకుంటూ గుమ్మం దాటబోయాడు.

"సార్!" అని అరిచింది. "ఆగండి సార్... తప్పు నాదే. ఆ రోజు నేను..."

చేతిలో ఫోన్ మోగింది. ఎలిశబెతు. గోడమీద గడియారం అయిదూ నలభై చూపిస్తోంది.

"అక్కా, బోటొచ్చేసింది! చిన్నబాబన్నోళ్ళ బోటే. నీలం రంగుది."

"బోటొచ్చేసింది సార్," అంది దుర్గ. కిషోర్ బాబు నవ్వాడు. "చూశావా? షీటే నిజం," అనేసి మెట్లు దిగిపోయాడు.

"వాడికియ్యి ఫోను. చిన్నబాబుకియ్యి ఎలిశబెతూ."

అటువైపు గాలి హోరు. అందులోంచి ఆ పిల్ల గొంతు, గుసగుసగా...

"అక్కా... పోయింది నలుగురే గదా?"

"నలుగురే."

"అయిదుగురు దిగినారు."

"చిన్నబాబు యాడ?"

"చిన్నబాబన్న లేడక్కా ఇందులో. వీళ్ళెవురో నాకు తెలవదు. ఒక్కరూ మాట్లాడరు... ముసలాయనొకడు ఉండాడు. అందరి తలల మీదా చెయ్యి పెడతా వస్తుండాడు. నా తలమీదా పెట్టినాడు. మంచుగడ్డ మాదిరి ఉందక్కా ఆ చెయ్యి."

"ఎలిశబెతూ, నువ్వు అక్కణ్ణించి పరిగెత్తు..."

"ఇప్పుడు నోరు తెరిచినాడక్కా... ఒక తల తగ్గిందంట. ‘దుర్గమ్మ యాడ?’ అంటుండాడు."

ఫోన్ తెగిపోయింది. పది నిమిషాలు మళ్ళీ మళ్ళీ చేసినా కలవలేదు.

దుర్గ లేచింది. వాళ్ళెవరైతేనేం, ఆ బోటు తమ్ముడిది. వాడెక్కడున్నాడో ఆ అయిదుగురికే తెలుసు. బల్లమీది స్కూటరు తాళంచెవి తీసుకుంది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఒక్కసారి వెనక్కి చూసింది.

తెరమీద ఏడో షీటు తెరిచి ఉంది. అయిదు పేర్ల కింద ఆరో పేరు చేరింది. దుర్గ. బయల్దేరిన వేళ అయిదూ యాభై రెండు. తిరిగొచ్చిన వేళ దగ్గర ఎన్‌ఏ.

గోడమీద గడియారం చూసింది. అయిదూ యాభై ఒకటి.

తమ్ముడి జాడ అక్కడే దొరకాలి. ఆమె ఒక మెట్టు దిగింది. మూడు రోజులు చెంగయ్య కూర్చున్న మెట్టు అది. వాన జల్లు అక్కడిదాకా రాదు. అయినా అది తడిగా ఉంది.