డీజిల్ అయిపోయినప్పుడు

"మెల్లగా చేయండి. నేను రాసుకోవాలి," అంది ఆ అమ్మాయి.

స్పానరు పట్టుకునే తలెత్తాను. రెడ్డిగూడెంలో ఆంజనేయులు గారి మామిడితోట, బావి పక్కన ఇంజను పాక. ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం నా పని. అరవై రెండులో ఆ చుట్టుపక్కల ఏ ఇంజను ఆగినా నూజివీడు నుంచి సైకిలు మీద నేనే వెళ్ళేవాణ్ణి. నా పని చూసి రాసుకున్నవాళ్ళు అంతవరకు లేరు.

"రాసుకుని ఏం చేస్తారండీ?"

"మిమ్మల్ని పిలవకుండా ఉంటాను."

ఆమె పేరు నాగేంద్రమ్మ, ఆంజనేయులు గారి ఒక్కతే కూతురు. ఇంజను తిప్పుతుండగా హ్యాండిల్ ఎదురుతన్ని ఆయన మణికట్టు విరిగింది. అప్పటినుంచి ఇంజను ఆమే చూసుకుంటోంది. ఒక్కో పనికి ఒక్కో అట్టముక్క. 'ఇంజను వేయడం', 'ఆపడం', 'బెల్టు జారితే'. ఏది ముందో ఏది తర్వాతో అంకెలు వేసి రాసి, పాకలో మేకులకు తగిలించేది. పని పడినప్పుడు ఆ అట్ట తీసి, చదువుకుంటూ చేసేది.

"వంట కూడా అట్ట చూసే చేస్తారా?" అన్నాను.

"వంట నాకు వచ్చు. రానిదే రాసుకుంటాను. మీరు మాటలాపి మూడోది చెప్పండి."

చెప్పాను. రెండు నెలల్లో పద్నాలుగు అట్టలయ్యాయి. అట్టలు పెరిగినకొద్దీ నాకు పిలుపులు తగ్గాయి. ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకునేది. ముక్కు మీద చెమట పట్టినా, చేతులకు నూనె ఉంటుందని తుడుచుకునేది కాదు. ఇవి నేను చూడాల్సినవి కావు. చూశాను.

'డీజిల్ అయిపోయినప్పుడు' అనే అట్ట దగ్గర తప్పు చేశాను.

డీజిల్ అడుగంటితే గొట్టంలోకి గాలి చేరుతుంది. మళ్ళీ పోసినా ఇంజను పట్టదు. గొట్టం చివర నట్టు వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించాలి. ఆ ఒక్కటీ చెప్పలేదు.

"కొంచెం మజ్జిగ ఇప్పిస్తారా?" అన్నాను. ఆమె ఇంట్లోకి వెళ్ళొచ్చేలోపు గాలి తీసి నట్టు బిగించేశాను.

తర్వాత రెండుసార్లు కబురొచ్చింది. రెండుసార్లూ మజ్జిగ తాగాను.

"అట్టలో ఉన్నట్టే చేశానండీ. పట్టలేదు. ఎక్కడుంది తప్పు?"

"మీ చేతికింకా అలవాటు కాలేదు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది.

రోహిణి కార్తెలో హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ఇంజను విప్పి ఐదు రోజులు అక్కడే ఉండిపోయాను. ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. "రెడ్డిగూడెం నుంచి మూడుసార్లు మనిషొచ్చాడురా."

అన్నం తినకుండా వెళ్ళాను. డీజిల్ అయిపోయి ఆగిన ఇంజను, మళ్ళీ పోసినా పట్టలేదట. కిందటి తొలకరికి పెట్టిన రెండు వందల బంగినపల్లి అంటుమొక్కలు ఆ తోటలో ఉన్నాయి. వాళ్ళకు ఇంకో ఆధారం లేదు. నాగేంద్రమ్మ బావిలో నీళ్ళు తోడి, బిందెలతో మోసి చాలావరకు నిలబెట్టింది. ముప్పై ఎనిమిది ఎండిపోయాయి. ఆమె రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"ఇది బిందెల వల్ల కాదు," అంది నా చూపు కనిపెట్టి. "హ్యాండిల్ తిప్పీ తిప్పీ. అలవాటు కాలేదన్నారుగా, చేసుకుందామని."

"మీ చేతుల్లో తప్పు లేదండీ. అట్టలో ఒకటి రాయించలేదు నేను."

"మర్చిపోయారా?"

"లేదు. కావాలనే. అన్నీ చెప్పేస్తే ఇక నన్ను పిలవరని."

 ఆమె మేకుకున్న అట్ట తీసి నా ముందు పెట్టింది.

"రాయండి. నేను పెన్సిలు పట్టలేను."

రాశాను. ఆమె మొదటినుంచీ పైకి చదివింది, నేను ఒక్కొక్కటీ చేశాను. ఇంజను పట్టింది. నీళ్ళు కాలవలో పడ్డాయి.

"ఇక ఇంజనుకు మీతో పని లేదు," అంది. "వెళ్ళండి."

వెళ్ళాను.

తొలకరి ముందు, నూజివీడులో ముప్పై ఎనిమిది అంటుమొక్కలు కొని బండిలో వేసుకుని బయల్దేరాను. ఆంజనేయులు గారు తోట గట్టు మీద ఎదురయ్యారు.

"ఏం పాండురంగారావూ, ఇంజను బాగానే ఉందే. ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదండీ. ఎండినవాటి చోట ఇవి నాటుదామని. ఇంకో మాట కూడా ఉంది. మీ అమ్మాయిని నాకిస్తారా అని."

ఆయన నన్నూ మొక్కల్నీ మార్చి మార్చి చూశారు.

"జరిగింది చెప్పిందిలే. ఆ మాట దాన్నే అడుగు. బిందెలు మోసింది అది."

నాగేంద్రమ్మ అప్పటికే పార తీసుకుని గుంట తవ్వుతోంది. మాటలు వినపడేంత దూరమే. తలెత్తలేదు.

"ముందు నాటండి," అంది.

నాటడం మొదలుపెట్టాం. ఇరవై దాటేసరికి వాన పట్టుకుంది. ఎవరమూ ఆగలేదు.

"అది వంకరగా పెట్టారు."

"పెరిగేటప్పుడు సర్దుకుంటుందండీ."

"సర్దుకోదు. తీసి పెట్టండి."

తీసి పెట్టాను. ఆఖరి మొక్క మొదట్లో మన్ను కాలితో నొక్కి, ఓణీ చెంగు పిండుకుంటూ అప్పుడు నా వైపు చూసింది.

"శుక్రవారం నాన్న మీ ఇంటికొస్తాడు. మీ అమ్మగారికి ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పండి."