ఇంటి పరీక్ష

"కాస్త ఈ ఫారం నింపి పెడతారా?"

"ఏం, చేతుల్లేవా?" అంది ఆమె తలెత్తకుండానే. అమ్మకి మందు వేసే వేళ దాటిపోతోంది. పెద్దవాళ్ళకి హైస్కూలు చదువు చెప్పే ఆ కేంద్రంలో క్యూ చూస్తే కదలడం లేదు.

"ఉన్నాయండీ. ఒకటిన్నర."

తలెత్తింది. అతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. లిఫ్టు మెకానిక్కు. మిగతా మూడూ పోయిన ఏడాది ఒక లిఫ్టు తలుపు పట్టుకుపోయింది.

యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పదిమంది నోళ్ళు మూయించే టైలరు ఆమె; ఈసారి తనే తగ్గింది. ఫారం లాక్కుని నింపడం మొదలుపెట్టింది.

"చివరి పరీక్ష ఎలా? హాల్లో రాస్తారా, మనిషిని పెట్టి రాయించుకుంటారా, నోటితో చెబుతారా?" అంది ఫారం చూస్తూ.

"ముగ్గురు మేష్టార్ల ముందు కూర్చుంటే నా నాలుక పిడచకట్టుకుపోతుంది. రాయించుకుంటా. మరి మీరు?"

"ఇంటి పరీక్ష. మంచంపట్టిన మనిషిని చూసుకునేవాళ్ళకి ఇంటికే వచ్చి పెడతారు. మా అమ్మకి పక్షవాతం."

ఆ తర్వాత నాలుగు నెలలు సాయంత్రం క్లాసుల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. అతను ఆమెకి లెక్కలు చెప్పేవాడు, ఆమె అతని వ్యాసాలు దిద్దేది. ఒక ఆదివారం వచ్చి అమ్మ మంచానికి తలవైపు పైకి లేచే ఏర్పాటు బిగించాడు. అమ్మ సగం నోటితోనే "అల్లుడు" అంది. అతను వినపడనట్టు స్క్రూలు తిప్పుతూనే ఉన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

పరీక్ష పదకొండు రోజులుందనగా అమ్మ పోయింది.

"చూసుకోవాల్సిన మనిషి లేరు కాబట్టి ఇంటి పరీక్ష రద్దయిందమ్మా. హాలుకి రండి, లేదంటే వచ్చే విడత రాయండి," అన్నాడు గుమస్తా, ఆమె మొహం చూడలేక కాగితాలు సర్దుకుంటూ.

బయట అతను నిలబడి ఉన్నాడు.

"నేను మానేస్తున్నా. పరీక్ష రాయనివాళ్ళే మీకు రాసిపెట్టాలి కదా, నేను రాస్తాను," అంది ఆమె.

"వద్దు. మీ దుఃఖాన్ని నా పేపరు కింద దాచుకోకండి."

"చెప్పడానికి మీరెవరు?"

ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఆ కోపంతోనే ఆమె హాలుకి వెళ్ళింది. మధ్యలో అమ్మని పక్కకి తిప్పాలని గడియారం చూసింది. తిప్పనక్కర్లేదని గుర్తొచ్చాక పది నిమిషాలు కలం కదల్లేదు. తర్వాత మిగిలినదంతా రాసేసింది.

బయటికొస్తే వరండా బెంచీ మీద అతను. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"మీకెవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. రాయించుకునే దారి ఉంటే మీరు పరీక్ష మానేసి నాకోసం కూర్చుంటారు. అందుకే నోటి పరీక్షకి మార్పించుకున్నా."

"ఎలా చెప్పారు?"

"ఘోరంగా. పోయినట్టే."

"బుద్ధుందా మీకు?"

"ఉంటే ఈపాటికి మీకు చెప్పేవాణ్ణి."

"ఏమని?"

"మీరంటే ప్రాణమని." అతనే తెల్లబోయాడు. "దీనికి మాత్రం నోరు బాగానే తిరిగింది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంది. తాళం తీస్తే లోపల ఎవరూ పలకరు."

"గుమ్మం దాకా నేనొస్తా."

ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుంది.

"గుమ్మం దాకానేనా?"