జిన్ను మలుపులో ఆరిన దీపాలు

పర్చూరు నుంచి చీరాల పోయే దారిలో పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిల్లొకటి కాలిపోయి ఉండేది. ఆ మలుపుకి చెడ్డ పేరు. పత్తికి నిప్పంటుకున్న నాడు లోపల పనిచేస్తున్న ఆడకూలీలు బయటికి రాలేకపోయారు. అప్పట్నించీ చీకటిపడ్డాక ఏ మోటారు అటు వెళ్ళినా దీపాలు గుడ్డివైపోతాయనీ, ఆ ఆడవాళ్ళే వెలుతురు తాగేస్తారనీ చెప్పుకునేవాళ్ళు.

ఖాజావలి నమ్మేవాడు కాదు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన కూతురు షాజాదీ. యుద్ధానికి ముందునాటి పాత కారొకటి ఆయన బాడుగకి తిప్పేవాడు.

"అక్కడ రోడ్డంతా గుంతలు. బండి నెమ్మదిస్తే డైనమో కూడా నెమ్మదిస్తుంది. దీపాలు మసకబారక ఏం చేస్తాయి?" అనేవాడు.

అయితే ఆ యేడు మిరపకోతలప్పుడు ఆయన కారుకే తెగులు పట్టింది. చీరాల తీసుకెళ్ళి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించుకొస్తాడు... వారం తిరక్కుండా చచ్చిపోతుంది. బెల్టు బిగించాడు. వైర్లు మార్చాడు. ఇంజను ఎంత గట్టిగా తిప్పినా ఛార్జింగ్ ముల్లు మాత్రం సున్నా దాటి పైకి లేవదు. ఇక పొద్దుపోయాక బండి తియ్యడం మానేశాడు.

అలాంటప్పుడు దానయ్య వచ్చాడు, మిరపతోటల్లో కూలి చేసుకునే మనిషి. అప్పుడే పొద్దుగూకింది.

"అన్నా... రెబ్కాకి నిన్నట్నించీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని తన వల్ల కాదంది. చీరాల మిషన్ ఆసుపత్రికి..."

"దీపాలు నిలవవు దానయ్యా."

భార్యని ఎలా తీసుకుపోవాలో తెలియక దానయ్య అక్కడే నేలమీద కూలబడ్డాడు.

ఖాజావలి తాళాలు తీసుకుని లేచాడు.

వెనక సీట్లో రెబ్కా, తల్లి ఎలీసమ్మ ఒళ్ళో తల పెట్టుకుని మూలుగుతోంది. ఎలీసమ్మ గొణుగుతున్నట్టు ప్రార్థన చేస్తోంది. దానయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. దారికి రెండువైపులా పత్తిచేలు... పల్చటి వెన్నెల...

మలుపు దగ్గరకొచ్చేసరికి దీపాలు పసుపుపచ్చగా మారాయి. తర్వాత ఎర్రబడ్డాయి. తర్వాత —

ఆరిపోయాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. వెనక మూలుగు కూడా ఆగింది. నొప్పి కాస్త తగ్గిందేమో అనుకున్నాడు ఖాజావలి.

"తొందరగా చెయ్యి నాయనా..." అంది ఎలీసమ్మ. "తొందరగా..."

ఆయన బానెట్టు ఎత్తి అగ్గిపుల్ల గీశాడు. బెల్టు బిగువుగానే ఉంది. బ్యాటరీ వైర్లు బిగువుగానే ఉన్నాయి. ఇంకో పుల్ల గీసి, ఇన్నాళ్ళూ ముట్టుకోని డైనమో మూత విప్పాడు. లోపల బొగ్గు బ్రష్షు అరిగి గోరంత మిగిలింది. దాన్ని నొక్కాల్సిన స్ప్రింగు దాకా అందడం లేదు. బ్రష్షు లోపల తిరిగే రాగిని తాకకపోతే కరెంటెక్కడ పుడుతుంది?

తెగులు దొరికింది. అగ్గిపెట్టె చించి, అట్ట మడిచి, బ్రష్షుకీ స్ప్రింగుకీ మధ్య దోపాడు.

ఇక పుల్ల గీయడానికి పెట్టె లేదు, వెలుతురూ లేదు.

బ్యాటరీ కాస్త తేరుకుంటుందని కొంచెంసేపు ఆగాడు. హేండిల్ వేసి తిప్పాడు. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు... లేదు.

"తోద్దాం అన్నా" అన్నాడు దానయ్య గుసగుసగా.

ముందంతా ఎత్తు. ఖాజావలి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. దానయ్య వెనక నుంచి తోశాడు. బండి అంగుళం కదల్లేదు. దానయ్య ఏడుస్తూ తోస్తున్నాడు... అది వినపడుతోంది.

అంతలో బండి కదిలింది. తేలిగ్గా, పల్లంలోకి జారినట్టు.

ఖాజావలి కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. దానయ్య పక్కన ఆడవాళ్ళు. తలనిండా పత్తి నూగు. పత్తి ఏరి ఇళ్ళకి పోతున్న కూలీలనుకున్నాడు. ఒక్కరూ మాట్లాడరు. తలలు వంచి తోస్తున్నారు.

చివర ఒకామె. నిండు కడుపు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి బండి మీద —

రెబ్కా.

ఎప్పుడు దిగింది? బ్రేకు వేద్దామంటే బండి మళ్ళీ కదులుతుందో లేదో. క్లచ్చు వదిలాడు. ఇంజను అందుకుంది!

"దానయ్యా! రెబ్కాని ఎక్కించుకో!"

దానయ్య పరిగెత్తుకొచ్చి ఫుట్‌బోర్డు ఎక్కాడు. "రెబ్కా లోపలే కదన్నా!"

ఖాజావలి వెనక్కి తిరిగాడు. సీటు మీద, తల్లి ఒళ్ళో, రెబ్కా పడుకునే ఉంది. రోడ్డు మీద ఎవరూ లేరు.

ఛార్జింగ్ ముల్లు పైకి లేచింది. దీపాలు తెల్లగా వెలిగాయి. ఆయన ఆపకుండా చీరాల దాకా బండి తోలాడు.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ రెబ్కా మణికట్టు పట్టుకుని చూసి వదిలేసింది. "ఈమె పోయి చాలాసేపైంది." తర్వాత కడుపు మీద గొట్టం ఆనించి, కళ్ళు మూసుకుని విన్నది. చోటు మార్చి విన్నది. గొట్టం తీసేసి తల అడ్డంగా ఊపింది.

"దీపాలారినప్పుడే పోయింది నా తల్లి" అంది ఎలీసమ్మ. "బిడ్డ కదుల్తానే ఉంది. చెబితే మీకు చేతులాడవని... నోరు నొక్కుకున్నాను. ఊళ్ళోకొచ్చేదాకా కదిలింది నాయనా..."

దానయ్య ఏడవలేదు. ఖాజావలి దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా... ఆ ఎత్తు మీద నేనొక్కణ్ణే తోశాను. రెబ్కాని ఎక్కించుకోమన్నావే, నువ్వు నా పక్కన ఎవర్ని చూశావు?"