సూదుల దొంగ

"మళ్ళీ సూదేనా? ఇంత సంచి మోసుకొచ్చారు, అందులో ఒక్క సూది లేదా?"

కుట్టుమిషన్ ముందునుంచి లేవకుండానే దులిపేసింది అమ్మాయి. స్టవ్ మెకానిక్ తల గోక్కున్నాడు.

"ఉండేదండీ. ఎక్కడో పడిపోయింది."

"కిందటిసారీ ఇదే మాట! ఇప్పటికి నా సూదులు రెండు పట్టుకుపోయారు. చేసేది రిపేరా, సూదుల దొంగతనమా?"

"పోనీ ఇవ్వవే, పాడైన స్టవ్ వెలిగించాలంటే భయం, టీ చుక్క లేక నా తల పగిలిపోతోంది," అంది వంటింటి గడప మీద కూర్చున్న అమ్మమ్మ.

ఎడమ బర్నర్ మొదటిసారి నిజంగానే వెలగలేదు. పాలు పొంగి కన్నాలు పూడుకుపోయాయి. రెండోసారి అమ్మమ్మ దాన్ని కడిగి, తడి ఆరకుండానే పెట్టేసింది. ఈ మూడోసారి సంగతి మాత్రం అమ్మాయికొక్కదానికే తెలుసు. రేపటినుంచి అతను వేరే ఊళ్ళో పనికి వెళ్ళిపోతున్నాడని పక్కింటావిడ చెప్పిన దగ్గర్నుంచి ఆమె మనసు మనసులో లేదు. పొద్దున అమ్మమ్మ స్నానానికి వెళ్ళగానే చేతులు ఊరుకోలేదు.

అతను రెండు బర్నర్లూ వెలిగించి చూశాడు. కుడిది భేషుగ్గా మండింది. "సిలిండర్‌లో లోపం లేదు," అంటూ రెగ్యులేటర్ కట్టేసి, ఎడమ బర్నర్ ఊడదీసి, ఆమె ఇచ్చిన సూదితో లోపల కెలికాడు.

నీలం దారం ఉండ ఒకటి బయటికొచ్చింది. మిషన్ మీద ఉన్నదీ ఆ నీలమే.

అతని మొహం పాలిపోయింది. "గ్యాసుతో ఆటలేంటండీ? మంట వెనక్కి తంతే? మీకేమన్నా అయితే నేను..." అక్కడ ఆగిపోయాడు.

"తప్పే. ఇంకెప్పుడూ చెయ్యను," అంది ఆమె తల వంచుకుని. "ఊరికే రమ్మంటే వస్తారా మరి?"

అతను చొక్కా కాలరు తిప్పి చూపించాడు. లోపలివైపు రెండు సూదులు. రెండింటికీ ఆమె దారపు ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి.

"నా సంచిలో సూదులు డజనున్నాయండీ."

"దొంగలిద్దరూ ఒకేసారి దొరికారు!" అంది అమ్మమ్మ. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "మీ తాతయ్య రైలెక్కి ఏదో చెప్పబోయారే. ఇంతలో కూత వేసింది. మనిషి మళ్ళీ రాలేదు, ఆ మాటేమిటో నాకిప్పటికీ తెలీదు. నాయనా, చెప్పేదేదో ఇక్కడే చెప్పెయ్."

"చెప్పడానికేముంది అమ్మమ్మగారూ, మీరు సరేనంటే పెద్దవాళ్ళను తీసుకుని వచ్చే ఆదివారమే వస్తాను."

"నన్నడుగుతావేం? సూదులు నావా?"

అమ్మాయి అతని చేతిలోని మూడో సూది తీసుకుంది. నీలం దారం ఎక్కించి, ముడివేసి, అతని కాలరుకు తనే గుచ్చింది.

"ఇది మాత్రం పడేసుకోకండి. తిరిగివ్వాలి. మీరే తేవాలి."

"బర్నర్ వెలిగినా రావచ్చా?"

"ముందు వెలిగించండి, చూద్దాం."

అతను బర్నర్ బిగించి, రెగ్యులేటర్ తిప్పి, లైటర్ నొక్కాడు. నీలిమంట గుండ్రంగా విచ్చుకుంది. అమ్మమ్మ గిన్నెలో మూడు గ్లాసుల నీళ్ళు కొలిచి పోసింది.