అమ్మ గోటి మీద నీటిచుక్క

మధ్యాహ్నం గంట మోగిందో లేదో, పిచ్చుక చుట్టూ గుంపు చేరింది. పొద్దస్తమానం కిచకిచమంటూ ఉంటుందని ఇంట్లోనూ బడిలోనూ అందరూ ఆ పిల్లను పిచ్చుక అనే పిలుస్తారు.

ఒంట్లో నలతగా ఉంటే ఒక్కోసారి గోళ్ల రంగు, ఆకారం మారతాయని ఆ పొద్దున సైన్స్ టీచర్ చెప్పారు. అంతే, పిచ్చుక ఆ పూటకే డాక్టరైపోయింది.

"చేతులు చాపండి! ఒక్కొక్కరే రండి!"

మొదటివాడి గోళ్ల నిండా మట్టి. "నీకు జబ్బు లేదు. మీ ఇంట్లో సబ్బు లేదు," అంది. అందరూ పకపకా నవ్వారు.

తర్వాత క్లాసు ఫుట్‌బాల్ టీము గోల్‌కీపర్ వచ్చాడు. ఎవరేం చెప్పినా నమ్మేసే రకం. వాడి గోళ్ల మీద తెల్లటి మచ్చలున్నాయి.

"అమ్మో! నీకేదో పెద్ద జబ్బే వచ్చింది!"

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "తగ్గుతుందా?"

"చెప్పలేం," అంది పిచ్చుక, పెద్ద డాక్టరులా తల అడ్డంగా ఊపుతూ.

వాడు టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. మెట్ల కింద కూర్చుని ఏడుస్తుంటే సైన్స్ టీచర్ కంటపడ్డాడు. ఆవిడ వాడి వేళ్లు చూశారు.

"బంతి చేతులకు గట్టిగా తగులుతుంటుందా?"

"రోజూ తగులుతుంది టీచర్."

"దెబ్బలకు ఇలాంటి మచ్చలు వస్తుంటాయిరా. గోరు పెరిగేకొద్దీ అవే పోతాయి. ముందు వెళ్లి తిను."

తర్వాత పిచ్చుకను పక్కకు పిలిచారు. "గోళ్లు చూశావు, బాగానే ఉంది. చూడగానే జబ్బని తేల్చేశావేంటమ్మా? వాణ్ని ఒక్క మాటైనా అడిగావా?"

పిచ్చుక వెళ్లి గోల్‌కీపర్ పక్కన కూర్చుంది.

"తెలియకుండా వాగేశాను. సారీ రా."

"నా గ్లవ్స్ ఎవరికివ్వాలో కూడా అనేసుకున్నా తెలుసా!" అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ.

పిచ్చుక వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సాయంత్రం మిషన్ ఆపి అమ్మ గిన్నెలు కడుగుతుంటే, పిచ్చుక తుడిచి పెడుతోంది. అమ్మ ప్లేటు అందించింది. ఆమె బొటనవేలి గోటి మీద ఒక నీటిచుక్క ఉంది. చెయ్యి కదిలినా అది జారిపోలేదు.

పిచ్చుక వంగి చూసింది. గోరు మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేచి, బుల్లి చెంచాలా ఉంది. మిగతా గోళ్లూ పాలిపోయి ఉన్నాయి.

'అమ్మో' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు బిగబట్టి దాన్ని మింగేసింది.

"అమ్మా, ఈమధ్య నీకు ఎలా ఉంటోంది?"

"నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను!"

"మరి మెట్లెక్కుతూ మధ్యలో ఎందుకు ఆగుతున్నావు?"

అమ్మ చేతిలో గిన్నె ఆగింది. "కాస్త ఆయాసం వస్తోందే. కళ్లు కూడా తిరుగుతున్నాయి. పని ఎక్కువై అనుకున్నాను."

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా."

"కుట్టాల్సిన బట్టలు కొండంత ఉన్నాయే తల్లీ!"

"కొండ ఎక్కడికీ పోదులే అమ్మా. మనమే వెళ్లొద్దాం."

మర్నాడు డాక్టరమ్మ అమ్మ గోళ్లు చూసింది. కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. తిండి గురించి, నిద్ర గురించి ఎన్నో ప్రశ్నలు అడిగింది. రక్తం పరీక్ష చేయించింది. రిపోర్టు వచ్చాక మళ్లీ పిలిచింది.

"ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోయిందమ్మా. అందుకే రక్తం తక్కువైంది. ఎందుకు తగ్గిందో కూడా చూద్దాం. మందులు వాడితే తేరుకుంటారు. ముదరకముందే వచ్చి మంచిపని చేశారు."

"మా పిచ్చుకే లాక్కొచ్చిందండీ," అంది అమ్మ, కూతుర్ని దగ్గరికి తీసుకుంటూ.

డాక్టరమ్మ నవ్వింది. "అలాగా! మరి మీ అమ్మకు ఏం జబ్బనుకున్నావు?"

పిచ్చుక అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు తెలీదండీ. అందుకే మీ దగ్గరికి తీసుకొచ్చాను."