అద్దానికి అవతలివాడు

"ఏవండీ, ఆ మరక మీదే!" అని అద్దం ఇవతల నుంచి ఆమె సైగ చేసింది.

"కాదు, మీదే!" అని అద్దం అవతల తాడుకు వేలాడుతున్నవాడు తిప్పి సైగ చేశాడు.

పనిలో చేరిన మొదటి రోజే గొడవ! అదీ మాటైనా వినిపించని మనిషితో. అంత ఎత్తున ఆఫీసు గోడకు వేలాడుతూ కూడా పళ్ళికిలిస్తున్నాడంటే ఎంత పొగరో చూడండి!

అసలామెకు పోట్లాడే తీరిక ఎక్కడిది? క్లీనింగ్ పని కోసం కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్ళినా "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అన్నదే ప్రశ్న. చిన్నప్పటి నుంచీ ఇల్లు ఊడుస్తూనే ఉన్నానంటే నవ్వారు. చివరికి ఈ ఆఫీసులో ట్రయల్ మీద తీసుకున్నారు. పని నచ్చితే ఉంచుతారు, లేకపోతే పొమ్మంటారు. ఖాయమైతే సొంతంగా ఒక గది తీసుకోవచ్చు. కాకపోతే మళ్ళీ అక్క ఇంట్లో హాల్లోనే పక్క. బావ మంచివాడే, పల్లెత్తు మాట అనడు. కానీ రోజూ సాయంత్రం "పని ఖాయమైందామ్మా?" అని జాలిగా అడుగుతాడే, ఆ జాలికే ఆమెకు ప్రాణం చచ్చిపోయేది.

సూపర్‌వైజర్ మేడమ్‌ని అందరూ చాటుగా భూతద్దం అంటారు. వచ్చిన రోజే పాఠం చెప్పేసింది.

"చూడమ్మాయ్, ఎర్ర గుడ్డ బాత్రూమ్‌కి, నీలం గుడ్డ బల్లలకి. రెండూ కలిశాయో, నువ్వూ నేనూ విడిపోతాం. తడి నేల మీద బూట్లతో నడిచేస్తారు, నవ్వుతూ మళ్ళీ తుడవాలి. సాయంత్రానికి మోకాళ్ళు నీ మాట వినవు. ఇక అద్దం. లోపలివాళ్ళు నిలువుగా తుడవాలి, బయటివాళ్ళు అడ్డంగా తుడవాలి. నిలువు చార మిగిలితే నీ తప్పు, అడ్డం చార మిగిలితే వాడి తప్పు. నా దగ్గర వాదనలు చెల్లవు."

ఆ లెక్కన మొదటి రోజు చార అడ్డంగానే ఉంది. టీ తాగేచోట అతనే ఎదురొచ్చాడు.

"ఓడిపోయానండీ. ఆ చార నాదే."

"మరి అప్పుడే ఒప్పుకోవచ్చుగా?"

"ఒప్పుకుంటే మీరు పక్క కిటికీకి వెళ్ళిపోతారు కదా!"

ఆమె మొహం తిప్పుకుంది, నవ్వు కనిపించకుండా. "మిమ్మల్ని అందరూ సాలీడు అంటారట?"

"మీరు కూడా అనండి, వినడానికి బాగుంటుంది."

"నాకు పురుగులంటే పడదు."

అతనికి టీ పొలమారింది.

ఇక చూడాలి ఆ వేషాలు! ఆమె కుర్చీలు సర్దుతుంటే అద్దం మీద టకటకా కొట్టేవాడు. ఆమె చీపురు చూపించి బెదిరించేది. ఒకరోజు వానొచ్చి పని ఆగిపోయింది, అతను రాలేదు. ఆమె తుడిచిన చోటే తుడుస్తూ, "వస్తే నాకేంటి, రాకపోతే నాకేంటి" అని పైకే అనేసింది. ఎవరూ వినలేదు, బతికిపోయింది.

ట్రయల్ ఆఖరి రోజు భూతద్దం తనిఖీకి వచ్చింది. నేల చూసింది, బల్లల కింద చూసింది, ఏమీ అనలేదు. మీటింగ్ హాల్లో పెద్ద అద్దం ముందు ఆగింది.

"ఇదేంటి?"

ఎండ పడి చార స్పష్టంగా కనిపిస్తోంది. నిలువు చార!

ఆమె దగ్గరికెళ్ళి చూసింది. "మేడమ్, నేను శుభ్రంగా తుడిచాను. అది బయటివైపు ఉంది."

"అందరూ అదే అంటారు."

"ఒక్కసారి తుడిచి చూపిస్తాను మేడమ్..."

"తనిఖీ మొదలయ్యాక గుడ్డ ముట్టకూడదు. పని మంచిదే గానీ, అబద్ధం నేను భరించను. రేపటి నుంచి రావద్దు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. పని పోయినందుకు కాదు, చెయ్యని తప్పుకు అబద్ధాలకోరు అనిపించుకున్నందుకు. అద్దం అవతల వేలాడుతున్నవాడు ఆ ఏడుపు చూశాడు, చారను చూశాడు. చటుక్కున కిందికి జారిపోయాడు.

కాసేపటికి నడుముకు బెల్టుతో, తడి బట్టలతో రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"ఆ చార నాది మేడమ్!"

"నిలువుగా ఉంటే నీదెలా అవుతుంది? ఇన్నేళ్ళుగా అడ్డంగా తుడిచేవాడివి, ఈరోజేమొచ్చింది?"

అతను తల వంచుకున్నాడు. "ఆమె చెయ్యి పైకి వెళ్తే నా చెయ్యి పైకి వెళ్ళింది. కిందికొస్తే కిందికొచ్చింది. నేను అద్దం వైపు చూడలేదు మేడమ్. ఆమెనే చూశాను."

భూతద్దం ఆ అద్దం పక్కనున్న కిటికీ తెరిచి, చెయ్యి బయటికి చాపి, చార మీద వేలు పెట్టి రుద్దింది. చెరిగింది.

"నేనే తొందరపడ్డాను. నీ పని ఖాయం అమ్మాయ్, రేపు యూనిఫామ్ తీసుకో. నువ్వు మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోరా!" అంది. అతనికంటే ముందు తనే వెళ్ళిపోయింది.

ఆమెకు ఒక్కసారిగా ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలోనే ఒళ్ళు మండింది.

"సారీ అండీ" అన్నాడతను.

"సారీనా? ఈ పని కోసం ఎంత తిరిగానో తెలుసా మీకు? ఇష్టమైతే నోరు తెరిచి చెప్పాలి గానీ, నా పొట్ట మీద కొడతారా?"

"ఇష్టమేనండీ. చాలా ఇష్టం. చెప్పాలంటే భయమేసింది."

"అంత ఎత్తున వేలాడే మనిషికి నన్ను చూస్తే భయమా?"

"అక్కడ పట్టుకోవడానికి తాడుంటుందండీ. మీ ముందు పట్టుకోవడానికి ఏముంది?"

ఆమె సబ్బు నీళ్ళకు గరుకెక్కిన అరచేతిని పైటకు తుడుచుకుంది. మెల్లగా చాపింది.

"ఇది ఉందిగా" అంది.