లైన్లోనే ఉండండి

"ఓ లిఫ్టాయనా! ఆగవయ్యా! ఆగూ..."

వీధి మొదట్నుంచి కేక వినబడింది. ఎవరిదో వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. పంక్చర్లు వేసే పెద్దాయనది. ఆ గొంతుకి మైకు దండగ. రోజూ సాయంత్రం లిఫ్ట్ మెకానిక్ అటుగా బండి మీద పోవడం, పెద్దాయన చేతిలో ట్యూబు వదిలేసి లేచి నిలబడి, "ఆ ఫోన్ తియ్యవయ్యా హెల్మెట్లోంచి! పెళ్లాంతో ఇంటికెళ్లి మాట్లాడుకో, అక్కడ సిగ్నల్ బాగుంటుంది!" అని అరవడం, కొట్టు ముందు కూర్చున్నవాళ్లు నవ్వడం, ఇదంతా మామూలే.

అందుకే మెకానిక్ రోజూలాగే ఎడమ చెయ్యి ఓసారి గాల్లో ఊపి ముందుకు పోయాడు. పైగా కొట్టు ముందున్న గుంటలో బండి అప్పుడే దభీమని పడి లేచింది. నడుము కలుక్కుమంది. ఆ బాధలో ఎవరి కేకలు ఎవరికి పడతాయి చెప్పండి?

మనిషి ఒళ్లు హూనమైపోయి ఉన్నాడు. పదంతస్తుల మేడలో లిఫ్ట్ తాడు మార్చే పని. రెండు పగళ్లు, మధ్యలో ఓ రాత్రి, సరైన కునుకు లేదు. చేతులకి గ్రీజు, కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట. సన్నగా తుంపర పడుతోంది. పొద్దు వాలి, వీధి దీపాలు ఇంకా వెలగని వేళ. అటు వెలుతురూ కాదు, ఇటు చీకటీ కాదు. రోడ్డు మీద తడిసిన దుమ్ము వాసన.

ఈ హెల్మెట్లో ఫోన్ సంగతి మీకు చెప్పాలి. అదేమీ సరదా కాదు. పోయిన నెల ఇలాగే పని ముగించుకుని వస్తూ, బండి మీదే కునుకు తీసి, రోడ్డు పక్కనున్న ఇసుక కుప్పలోకి దూసుకుపోయాడు. అదృష్టం బాగుండి మోచెయ్యి గీసుకుంది, అంతే. అది చూసి ఇల్లాలు హడలిపోయి ఓ పద్ధతి పెట్టింది. "బండి తీసేముందు నాకు ఫోన్ చెయ్యండి. గేటు దగ్గరికి వచ్చేదాకా లైన్లోనే ఉండండి. నేను ఏదో ఒకటి వాగుతూ ఉంటా, మీరు ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగిందో, చెవులు పగిలేలా అరుస్తా." ఆవిడ కంగారు ఆవిడది. ఆ రోజు నుంచి ఆయన తన బటన్ల ఫోన్ని చెంపకీ హెల్మెట్ దూదికీ మధ్య ఇరికించి బయల్దేరతాడు.

తమాషా ఏమిటంటే, పని దగ్గర ఈయనంత కచ్చితమైన మనిషి ఉండడు. లిఫ్ట్ గోతిలోకి దిగేముందు అందరి ఫోన్లూ రేకు పెట్టెలో వేయించి తాళం పెట్టేస్తాడు. "ఫోన్ మోగితే చెయ్యి అటు పోతుంది, చెయ్యి పోయిన చోటికే ప్రాణం పోతుంది" అని తోటివాళ్లని తిడతాడు. రోడ్డెక్కాక మాత్రం ఆ తిట్లు తనకి వర్తించవనుకున్నాడు.

గుంటకి ముందు వరకూ చెవిలో ఇల్లాలి గొంతు మామూలుగానే గలగలమంటోంది. "మీ అమ్మ పొద్దుట్నుంచీ కళ్లజోడు కోసం ఇల్లంతా తిరగేసిందండీ. తీరా చూస్తే నెత్తి మీదే ఉంది. నేను నవ్వానని అలిగి కూర్చుంది. వింటున్నారా?"

"ఊఁ."

గుంట దాటాక ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత గొంతు మళ్లీ వచ్చింది. కాస్త నెమ్మదిగా.

"అలిసిపోయారా?"

ఆయనకి మనసు కరిగినట్టయింది. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. పాపం ఆవిడకి మాత్రం తీరికేది, ఇంటి చాకిరీతోనే సరిపోతుంది.

"ఊఁ" అన్నాడు.

"నాకు తెలుసు. రెండు రోజులు. కళ్లు మూతలు పడుతున్నాయి కదూ?"

"ఊఁ."

"కూడలి వస్తోంది. ఎడమకి తిరగండి. తిన్నగా వస్తే అంతా ట్రాఫిక్కు."

ఇల్లు తిన్నగా పోతే వస్తుంది. అయినా ఆలోచించే ఓపిక లేదు. ఎవరో ఒకరు దారి చెబుతున్నారు, అదే పదివేలు. ఎడమకి తిప్పాడు.

రోడ్డు ఖాళీగా ఉంది. హారన్లు వెనకబడిపోయాయి. చక్రాల కింద తడి చప్పుడు తప్ప ఏమీ లేదు. మెల్లగా ఎత్తు ఎక్కుతున్నట్టుంది. పచ్చి సిమెంటు వాసన, తుప్పు వాసన. తుంపర కాస్త పెరిగింది.

"ఎంత హాయిగా ఉందో కదూ..." అంది గొంతు. "ముందు ఎవరూ లేరు. వెనకా ఎవరూ లేరు. కాసేపు కళ్లు మూసుకోండి."

"ఊఁ?"

"నేను చూస్తున్నాగా. దారి నేను చెబుతా."

నవ్వొచ్చింది ఆయనకి. కానీ రెప్పలు వాటంతటవే వాలిపోయాయి. ఒకటి... రెండు... ఎంత సుఖం! రెండు రోజుల బరువంతా భుజాల మీంచి ఎవరో దించినట్టు...

"అంతే. అలాగే. ఇంకాస్త ముందుకు. ఇంకాస్త..."

అప్పుడు చెంపకి చల్లగా తగిలింది.

గాలి. తుంపర చినుకు ఒకటి దూది పక్క నుంచి దూరి చెవి మీద పడింది. చెవి మీద. రోజూ అక్కడ ఫోన్ ఒత్తుకుని, ఇల్లు చేరేసరికి చెంప మీద నాలుగు బటన్ల అచ్చు పడి ఉంటుంది. అక్కడ చినుకెలా పడుతుంది?

ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలి, వేలు హెల్మెట్లోకి దూర్చాడు.

దూది... చెవి... మళ్లీ దూది.

ఫోన్ లేదు.

"ఏం వెతుకుతున్నావ్?" అంది గొంతు.

పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇల్లాలు ఆయన్ని ఒక్కనాడూ 'నువ్వు' అనలేదు.

కళ్లు తెరిచాడు. బ్రేకు మీద మనిషంతా నిలబడ్డాడు. బండి పాములా మెలికలు తిరిగి, అడ్డంగా జారి ఆగింది. ముందు చక్రానికి రెండు అడుగుల అవతల రోడ్డు లేదు. ఇనప చువ్వలు గాల్లోకి పొడుచుకుని ఉన్నాయి. చాలా కింద, ఎక్కడో, నీళ్లు కారుతున్న చప్పుడు. సగం కట్టి వదిలేసిన వంతెన. అడ్డంగా పెట్టాల్సిన డ్రమ్ములు ఓ పక్కకి దొర్లి ఉన్నాయి.

"ఎందుకు ఆగావ్?"

హెల్మెట్ పట్టీ ఊడి రావడం లేదు. గ్రీజు చేతులు. జారిపోతున్నాయి.

"ఇంకొక్క అడుగే కదా... ఊఁ కొట్టు. ఊఁ... కొట్టు."

పట్టీ తెగింది. హెల్మెట్ లాగి దూరంగా విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి డ్రమ్ముకి తగిలి, తలకిందులుగా, నోరు తెరుచుకుని ఆగింది. నిశ్శబ్దం. తుంపర చప్పుడు తప్ప ఏమీ లేదు.

హెల్మెట్ లేకుండా బండి నడపకూడదు. దాన్ని మళ్లీ తలకి పెట్టుకునే ధైర్యం లేదు. అందుకని అంత ఒళ్లునొప్పుల్లోనూ బండిని తోసుకుంటూ వెనక్కి నడిచాడు. కాళ్లు పీక్కుపోతున్నాయి. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వెనక తడి రోడ్డు మీద ఏదో అడుగుల చప్పుడు లాంటిది వినిపించినా, అది తన చెప్పులదే అనుకున్నాడు.

ఫోన్ ఆ గుంట దగ్గరే పడి ఉంటుందనిపించి, కూడలి దాటి పంక్చర్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన సామాను సర్దుతున్నాడు. చూడగానే మొదలెట్టాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు! గొంతు పోయేలా అరిస్తే చెయ్యి ఊపి పోతావా? ఇదిగో నీ ఫోన్. గుంటలో ఎగిరిపడ్డావు చూడు, అప్పుడే జారి నీళ్లల్లో పడింది."

పెద్దాయన అరచేతిలో ఫోన్ ఒక ముక్క, బ్యాటరీ ఒక ముక్క.

"ఇది... పడగానే ఇలా అయిందా?"

"పడగానే. బ్యాటరీ ఇటు, డొక్కు ఫోను అటు. నేనే ఏరి తుడిచి పెట్టా. మరి నువ్వు తలాడిస్తూ ఊఁ ఊఁ అంటూ పోయావే, ఎవరితో?"

మెకానిక్ ఆ రెండు ముక్కలూ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ముఖం ఏంటి అలా పాలిపోయింది? హెల్మెట్ ఏదీ?"

"పోయింది."

"పోనీలే, తలకాయ ఉంది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "విను తమ్ముడూ. నిద్రొస్తే బండి ఆపు. ఇదిగో ఈ బల్ల ఉంది, గంట పడుకో, నేను లేపుతా. ఫోన్ వస్తే ఆపి మాట్లాడు. బండి మీద మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతా."

"మాట్లాడను. ఇంక బండి మీద ఫోన్ మాట్లాడను పెద్దాయనా" అన్నాడు. ఆ రోజు వరకూ ఆయన ఎవరికైనా ఇచ్చిన మాటల్లో అంత మనస్ఫూర్తిగా ఇచ్చింది అదే.

ఇంటి దాకా నడిచే వచ్చాడు. దారంతా ఒకటే బెంగ. గంటన్నర అయింది. లైను తెగిపోయి, ఊఁ ఆగిపోయి, ఇల్లాలు ఎంత గోల పెడుతోందో, కూతురు ఎక్కడెక్కడ వెతకడానికి పోయిందో, అమ్మకి గుండె దడ వచ్చిందేమో.

గేటు తీశాడు. లోపల దీపాలు వెలుగుతున్నాయి. కూర వేడిచేస్తున్న వాసన. ఎవరూ ఏడవడం లేదు.

"వచ్చారా? కాళ్లు కడుక్కోండి. అన్నీ వడ్డించేస్తున్నా" అంది ఇల్లాలు వంటగదిలోంచి.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నువ్వు... కంగారు పడలేదా?"

"ఎందుకూ? మాట్లాడుతూనే ఉన్నాంగా. ఇప్పుడేగా గేటు దగ్గరున్నా, పెట్టేస్తున్నా అన్నారు."

ఆయన జేబులోంచి ఫోన్ ముక్కా బ్యాటరీ ముక్కా తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఇల్లాలు వాటిని చూసింది. ఆయన ముఖం చూసింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నాన్నా, ఇంతసేపేంటి? నానమ్మ ఆకలికి నన్ను తినేసేలా ఉంది" అంటూ కూతురు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అమ్మ అప్పటికే గోడకి ఆనుకుని కూర్చుంది. "రా నాయనా, ముందు తిను. మాటలు తర్వాత" అంది. ఆయనకి మాట్లాడే శక్తి లేదు, అడిగే శక్తి లేదు. రేపు చెబుదాం, తెల్లారాక అన్నీ చెబుదాం అనుకుంటూ చతికిలబడ్డాడు.

అప్పుడు చూశాడు. ఇంట్లో నలుగురు. కింద అయిదు కంచాలు.

"అదెవరికే?" అన్నాడు నెమ్మదిగా.

ఇల్లాలు పెదాలు తడుపుకుంది. గొంతు గుసగుసకి దిగింది.

"మీరే చెప్పారుగా... వెంట ఒకరు వస్తున్నారు, ఎన్నాళ్లుగానో తిండి లేదట, ఇంకో కంచం పెట్టమని..."

 ఆ కంచం తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఇల్లాలు తల వంచుకుని మెల్లగా అన్నిట్లోనూ వడ్డించింది. అయిదో దాంట్లో కూడా. తర్వాత తనూ ఆయన పక్కన కూర్చుంది. మొత్తానికి అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు.

అమ్మే ముందు చూసింది. కళ్లజోడు సర్దుకుని, అయిదో కంచం వైపు వేలు చూపించింది. అన్నం మీద ఆవిరి తిన్నగా పైకి పోవడం లేదు. ఎవరో ఊదుకుంటున్నట్టు, ఓ పక్కకి ఒరుగుతోంది.